లింగసాక్షిగా ఉద్యోగయత్నము



ఇష్టలింగము గుడిలో నుండునది కాదు; శరణుని దేహమున నుండునది. అతడు పొలమునకు పోయిన పొలమునకు, సంతకు పోయిన సంతకు లింగము వెంట వచ్చును. ఉద్యోగమునకై అధికారుల యెదుట కూర్చుండునప్పుడును అది ఆతని యెదమీదనే యుండును. అచ్చట పలికిన ప్రతిమాటకు లింగమే సాక్షి. ఈ సత్యమును మరువని యువకునకు ఉద్యోగము వెదకుట గూడ కాయకమే యగును.

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న తాటిపాకలో ఈ మాట చెప్పుటకు కారణము కలదు. ఇచ్చట 2001లో ఓ.ఎన్.జి.సి. వారి చిన్న చమురుశుద్ధి కర్మాగారము ప్రారంభమైనది. దాని శక్తి ఏటికి 66 వేల టన్నులు మాత్రమే. కర్మాగారము కనుచూపుమేరలో నున్నంత మాత్రమున చదివినవారి కందరకు అందులో కొలువు దొరకదు. ఆశ పెద్దది, అవకాశము చిన్నది. ఆ రెంటి నడుమనే దళారి తన దుకాణము తెరచును.

డిప్లొమా ముగించి రెండేండ్లు ఖాళీగా నున్న యొక యువకుని తలచుకొందము. దళారి యింటికి వచ్చి, "రెండు లక్షలిండు, ఇంటర్వ్యూ సంగతి నేను చూచుకొందును" అనును. తల్లి చేతిగాజులు తీసి మంచముపై నుంచును. తండ్రి, "ఒరే అబ్బాయీ, లోకమంతా ఇట్లే యున్నదిరా. మన మొక్కరమే మడిగట్టుకొని కూర్చుండిన ఏమి లాభము?" అనును. కొడుకు తలవంచి, "నాన్నగారూ, ఆ సొమ్ము ఇచ్చునప్పుడు మెడలోని లింగమును ఎక్కడ దాచుకొనుదును?" అనును. తండ్రికి మాట రాదు.

దీనికి సమాధానము బసవేశ్వరుని చరిత్రలోనే కలదు. 12వ శతాబ్దమున ఆయన కల్యాణపురమున బిజ్జలుని కొలువులో దండనాయకుడు. రాజధనము ఆయన చేతిలోనిది. ఆ ధనమును జంగముల పాలు చేయుచున్నాడని గిట్టనివారు రాజుతో కొండెములు చెప్పిరి. రాజు లెక్క యడిగెను. బసవన్న ధనమును చూపెను. ఒక్క మాడయైనను తక్కువ కాలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈ కథను కీర్తించెను. ఉద్యోగికి అసలైన ఇంటర్వ్యూ ఇదియే. అది కొలువులో చేరిన పిమ్మట వచ్చును, ఏనాడైనను వచ్చును. లక్షలు పోసి కొలువు కొనినవాడు ఆ లక్షలను రాబట్టుకొనుటకే కూర్చుండును. వాని పెట్టె తెరచిన నాడు లెక్క సరిపోదు. వచ్చిన త్రోవ చెడినచో చేయు పని కాయకము కాజాలదు.

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజల నేరి దాసోహము నడపినవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. గాజులు తీసియిచ్చుట తల్లిమమకారము; తగని గింజ యింటికి వలదనుట శరణధర్మము.

ధర్మము మాట అటుండనిండు. లోకజ్ఞానము గూడ దళారి మాటను నమ్మవలదనియే చెప్పుచున్నది. కేంద్రప్రభుత్వమున గ్రూప్-సి ఉద్యోగములకును, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగములకును 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలే లేవు. లేని ఇంటర్వ్యూను ఆతడు ఎట్లు చక్కబెట్టును? ఓ.ఎన్.జి.సి. అప్రెంటిసుల ఎంపిక అర్హతాపరీక్ష మార్కుల ననుసరించి జరుగును. కువైటు, మస్కటు పంపుదునని వచ్చువానికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము రిజిస్ట్రేషన్ ఉండి తీరవలెను. ఉన్నదో లేదో ప్రభుత్వము వారి ఈ-మైగ్రేట్‌లో చూచుకొనవచ్చును. చూడకుండ పాసుపోర్టు చేతికిచ్చుట కన్నులుండి గోతిలో పడుటయే.

మరి యువకుడు చేయవలసిన దేమి? దరఖాస్తును స్వయముగా నింపవలెను. చేయని పనిని చేసితినని వ్రాయరాదు. తాను చదివిన విషయమును మరల మొదటినుండి చదువవలెను. పిలిచిన సంస్థ ఏ పని చేయుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. అసలు సర్టిఫికెట్లను, నకళ్లను వరుసగా అమర్చుకొనవలెను. కాకినాడలో ఉదయము ఇంటర్వ్యూ అయినచో ముందునాటి సాయంకాలమే బయలుదేరవలెను. ఇంటిలోని పెద్దవారి యెదుట కూర్చుండి, ప్రశ్నలడిగించుకొని, బిగ్గరగా సమాధానము చెప్పుట అలవాటు చేసికొనవలెను. తెలిసినదానిని స్పష్టముగా చెప్పి, తెలియనిదానిని "తెలియదండీ" యని తలయెత్తి చెప్పవలెను. సాక్షి మెడలోనే యుండగా బొంకవలసిన పని యేమి?

ఉద్యోగము వచ్చువరకు ఊరకుండరాదు. మడివాళ మాచయ్య బట్టలుదికెను; నులియ చందయ్య త్రాళ్లు పేనెను. కొబ్బరిపీచు త్రాడు పేనుట ఎరిగిన కోనసీమలో త్రాడు పేనిన శరణుని చిన్నచూపు చూచువారుందురా? పిల్లలకు పాఠములు చెప్పినను, దుకాణమున లెక్కలు వ్రాసినను అది కాయకమే. డిప్లొమా చదివినవాడు ఈ పని చేయుటయా యని నవ్వువారు వాని ఆకలి తీర్చరు.

ఎంపిక జాబితాలో పేరు లేకపోవచ్చును. ఆ రాత్రి ఆ యింటిలో దీపము చిన్నబోవును. అప్పుడు తల్లిదండ్రులు బిడ్డను నిందింపరాదు, పక్కింటివానితో పోల్చరాదు. ప్రక్కన కూర్చుండి అన్నము పెట్టవలెను. మరునాటి యుదయము అతడు లింగమును అరచేత నిలుపుకొన్నప్పుడు దాచవలసిన దేమియు లేకుండిన చాలును. ఆ చేతితోనే మరియొక దరఖాస్తు వ్రాయవచ్చును.