సాక్షి సంతకం

వీలునామా చెల్లాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. దాన దస్తావేజుకూ అంతే. రాసిచ్చేవాడు ఎంత నిఖార్సయిన మనిషైనా, "ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహతో, నా ఇష్టపూర్వకంగా" అని ఎన్ని మాటలు రాయించుకున్నా, పక్కన ఇద్దరు సంతకం పెట్టకపోతే అది చిత్తు కాగితమే. ఒంగోల్లో ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. సిగరెట్ మానేదాకా ఈ నియమం గురించి ఒక్కసారి కూడా ఆలోచించిన పాపాన పోలేదు.

మానడం నాకు కొత్తేమీ కాదు. 2003 నుంచి 2011 దాకా ఏటా అయ్యప్ప మాల వేసుకున్నాను. మండలం అంటే 41 రోజులు. తొమ్మిది మండలాలకి 369 రోజులు. అన్ని రోజుల్లో ఒక్క సిగరెట్ కూడా ముట్టలేదు. మెడలో తులసి పూసలు పడిన పూట నుంచి, రోజుకి పదిహేను కాల్చే వేళ్ళు బుద్ధిగా కూర్చునేవి. మొదటి మూడు రోజులు తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం. ఆ తర్వాత చన్నీళ్ళ స్నానం, నేల పడక, భిక్ష, భజన. సిగరెట్ గుర్తొచ్చేది కాదు.

42వ రోజు మాత్రం గుర్తొచ్చేది. కొండకి వెళ్ళొచ్చాక అమ్మ మాల తీసి పూజగదిలో పెట్టేది. నేను నల్ల పంచె విప్పి, మామూలు చొక్కా తొడుక్కుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాణ్ణి. అన్నాళ్ళు ఉత్తకాళ్ళతో తిరిగాక చెప్పులు ఎవరివో వేసుకున్నట్టు ఉండేవి. ఆ చెప్పులతోనే సందు చివర బడ్డీకొట్టుకి నడిచేవాణ్ణి. కొట్టతను నా బ్రాండు ముందే తీసి ఉంచేవాడు. "మాల తీశారా స్వామీ?" అని నవ్వేవాడు. ఆ ఏటికి అదే ఆఖరి "స్వామీ". మర్నాటి నుంచి "రైటర్ గారూ".

నికోటిన్ రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోతుందని డాక్టర్లు చెప్తారు. కాబట్టి ఇదంతా ఒంటి సంగతే అంటే ఒప్పుకోను. నలభై రోజుల పాటు అడగని ఒళ్ళు ఆ పూట ఎందుకు అడిగింది? చొక్కా వేసుకుని కొట్టుదాకా నడిచిందెవరు?

వేదాంతులు లోపల ఒక సాక్షి ఉన్నాడంటారు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. గొప్ప మాటే, కాదనను. కానీ నా చెట్టు మీది రెండో పక్షి ఇరవై ఆరేళ్ళు చూస్తూనే కూర్చుంది. ఒక్కసారన్నా రెక్క విదిలించలేదు. మా వీధిలో రిటైరైన ఫిలాసఫీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు. "సాక్షి జోక్యం చేసుకోడయ్యా, చూడటమే ఆయన స్వభావం" అని సర్దిచెప్పారు. రిజిస్ట్రారాఫీసులో అలాంటి సాక్షి పనికిరాడండీ, అన్నాను. అక్కడ సాక్షి మనిషై వచ్చి నిలబడాలి. తన పేరూ తండ్రి పేరూ చెప్పాలి. సంతకం పెట్టాలి. రేపు కోర్టు పిలిస్తే పని మానుకుని వెళ్ళాలి.

ఆయన ఊరుకోకుండా గీత తీశారు. ఎవరిని వారే ఉద్ధరించుకోవాలని, తనకు తానే బంధువు, తానే శత్రువు అని ఆరో అధ్యాయంలో ఉంది. ఆ మాట దగ్గర నేను చాలాకాలం ఇరుక్కుపోయాను. బావిలో పడ్డవాడు తన జుట్టు తానే పట్టుకుని పైకి ఎలా లాక్కుంటాడు? ఒకరోజు చదువుతుంటే వేరే సంగతి కంటబడింది. నిన్ను నువ్వే ఉద్ధరించుకోమన్న ఆ మాట అర్జునుడికి తనంతట తాను తోచలేదు. రథం మీద మూరెడు దూరంలో పగ్గాలు పట్టుకుని కూర్చున్న మరో మనిషి చెప్పాడు. ఈ మనసు గాలిలాంటిది, నా వల్ల కాదని అర్జునుడు మొరపెట్టుకుంది కూడా ఆ మనిషితోనే. లెక్చరర్ గారు దీనికి ఇంకా జవాబు చెప్పలేదు. కాఫీ మాత్రం ఇచ్చారు.

దీక్షలో ఉన్నప్పుడు ఊరంతా నాకు సాక్షే. మా ఆవిడ కూడా స్వామీ అనే పిలిచేది. శబరిమల గుడి ముందు ఛాందోగ్యంలోని మహావాక్యం రాసి ఉంటుంది. నువ్వే ఆ పరమాత్మవి అని దాని భావం. పెద్ద మాట, నాకు పూర్తిగా ఎక్కదు. కానీ పాలవాడు, కండక్టరు, చివరికి అప్పులవాడు కూడా "స్వామీ" అంటుంటే, అదే మాట రోజుకి వందసార్లు చెవిన పడ్డట్టుండేది. మాల తీస్తే ఆ పిలుపూ ఆగిపోతుంది. సాక్షులందరూ ఒక్కసారే లేచి వెళ్ళిపోతారు.

2012లో పదో మాల తీసిన సాయంత్రం మా గురుస్వామి కబురు పెట్టారు. షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చేవారాయన. చదువు అంతంతమాత్రం. వెళ్ళేసరికి మరో ముగ్గురు కూర్చుని ఉన్నారు: ఒక ఆటో డ్రైవరు, సహకార సొసైటీ గుమాస్తా, రొయ్యల చెరువుల దగ్గర మేత లెక్కలు రాసే కుర్రాడు. అందరిదీ నా జబ్బే. "మాల తీశాం గానీ పిలుపు తీయొద్దు సామీ. అమావాస్యకీ పౌర్ణానికీ ఇక్కడికి రండి" అన్నారు. అంతే. ప్రమాణాలు లేవు, కర్పూరం ఆర్పడాలు లేవు.

వెళ్తే ఏముంటుంది? చాప, ఇడ్లీలు, అల్లం పచ్చడి. ఆయన ఒక్కొక్కరినీ "ఎట్టుంది సామీ?" అని అడిగేవారు. జవాబు కోసం ఆగకుండా ఆకులో రెండు ఇడ్లీలు పెట్టేవారు. ఇక మనం చెప్పుకోవాలి. ఫలానా రోజు ఫలానా చోట చెయ్యి లాగింది, లేదా లాగలేదు. ఎప్పుడూ పొగ తాగని ఆయన బావమరిది కూడా వచ్చేవాడు, ఇడ్లీల కోసం. అతన్నీ అడిగేవారు.

తర్వాతెప్పుడో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం చూడ్డానికి వెళ్ళి, వచ్చాక బౌద్ధం గురించి కాస్త చదివాను. బౌద్ధ భిక్షువులకి అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడి నియమాలు వల్లించుకునే ఆచారం ఉందట. తప్పు జరిగినవాడు దాచకుండా చెప్పుకోవాలట. మా గురుస్వామి జన్మలో ఆ పుస్తకాలు ముట్టలేదు. మంచి స్నేహం ధర్మ జీవితంలో సగం అని ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు దిద్దాడని కూడా చదివాను. అది చెప్తే గురుస్వామి, "ఆయన కూడా ఇడ్లీలు పెట్టేవాడేమో" అన్నారు.

నలుగురు చూస్తారని మానడం ధర్మం ఎలా అవుతుంది, అది పోలీసు కాపలా కదా అని లెక్చరర్ గారి వాదన. నేనూ చాన్నాళ్ళు అలాగే సిగ్గుపడ్డాను. కానీ పోలీసు నన్ను పట్టుకుంటాడు గానీ నా కాగితం మీద తన పేరు రాయడు. పైగా ఆ చాప మీద నేను కూడా మిగతా ముగ్గురికీ సాక్షినే.

మూడేళ్ళు నిలబడ్డ ఆటో స్వామి ఒక చావింట్లో, శవజాగరణ రాత్రి, ఎవరో అందిస్తే తీసుకున్నాడు. వరసగా నాలుగు. పౌర్ణానికి వచ్చి గోడ వైపు చూస్తూ చెప్పాడు. "మూడేళ్ళూ గంగలో కలిసినట్టేనా సామీ?" సరిగ్గా అర్జునుడి అనుమానమే. మధ్యలో జారినవాడు చెదిరిన మబ్బులా ఇక్కడా అక్కడా కాకుండా పోతాడా అని అదే ఆరో అధ్యాయంలో అడిగాడు. మంచి చేసినవాడికి దుర్గతి లేదని కృష్ణుడి జవాబు. నాకు తెలిసిన పద్ధతిలో నేను చెప్పాను: ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల చిట్టా, తీస్తే అన్నీ కనబడతాయి. తనఖా పెట్టిందీ కనబడుతుంది, విడిపించుకున్నదీ కనబడుతుంది. మళ్ళీ తనఖా పెడితే అదీ ఎక్కుతుంది గానీ, పాత విడుదల చెరిగిపోదు. గురుస్వామికి ఈసీ సంగతి అర్థం కాలేదు. మరో ఇడ్లీ పెట్టారు.

నా వంతు పదో ఏట వచ్చింది. అన్నదమ్ముల భాగపరిష్కారం రాస్తున్నాను. గొడవ, అరుపులు. పెద్దాయన సిగరెట్ పెట్టె బల్ల మీద మర్చిపోయి వెళ్ళాడు. ఒకటి తీసి వేళ్ళ మధ్య దొర్లించి వాసన చూశాను. ముట్టించని సిగరెట్‌కి మంచి వాసన ఉంటుంది. మాది టంగుటూరు వైపు పల్లె, మాకు పొగాకు బ్యారన్ ఉండేది. పచ్చాకు కర్రలకి అల్లి లోపల వేలాడదీసి, రాత్రింబవళ్ళు మంట పెట్టి కాచేవాళ్ళు. మా నాన్న అర్ధరాత్రి లేచి వేడి చూసుకుని వచ్చి నా పక్కన పడుకునేవాడు. ఆకు పసుపు తిరిగే రాత్రి ఆయన బనీనుకి ఎండుగడ్డిలో తేనె కలిసినట్టు తియ్యటి వాసన. నా ఫీజులు, నా పుస్తకాలు ఆ ఆకు డబ్బుతోనే. జనం దురలవాటు అనే వస్తువులో నాకు మా నాన్న ఉన్నాడు. ఈ ముక్క పదేళ్ళుగా ఆ చాప మీద కూడా ఎవరికీ చెప్పలేదు.

గురుస్వామికి ఫోన్ చేశాను. అప్పటికే ఆయనకి చెవుడు. "సామీ, చేతిలో సిగరెట్ ఉంది" అన్నాను. "నెయ్యా? ఇంట్లో ఉంది, తేవొద్దు" అన్నారు. మూడుసార్లు అరిచాను. ఆఫీసు ముందున్న జనం నావైపు తిరిగారు. నాలుగోసారికి ఆయనకి అర్థమైంది. నాకు అప్పటికి నవ్వొచ్చేసింది. ఆ పెట్టె పెద్దాయనకి తిరిగిచ్చాను, ఒకటి నలిగిందని క్షమాపణ చెప్పి.

గురుస్వామి నిరుడు పోయారు. సంతకం పెట్టిన సాక్షి చనిపోతే వీలునామా ఏమవుతుందని కక్షిదారులు అప్పుడప్పుడు అడుగుతుంటారు. సాక్షులిద్దరూ పోయినా దారి ఉంది. ఒక్క సాక్షిదైనా చేవ్రాలు తెలిసినవాడు వచ్చి, ఇది ఆయన రాతేనని చెప్పాలి. రాసిచ్చినవాడి సంతకాన్నీ అలాగే రుజువు చెయ్యాలి. సాక్ష్య చట్టంలో ఉంది.

దినాలయ్యాక వచ్చిన పౌర్ణానికి ఆ ఇంటికి తాళం. అరుగు మీద కూర్చున్నాం. బావమరిది కూడా వచ్చాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆటో స్వామి లేచి వెళ్ళి బండి దగ్గర ఇడ్లీ పొట్లాలు కట్టించుకొచ్చాడు. నా ముందు ఆకు పరిచి, "ఎట్టుంది సామీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే రెండు పెట్టేశాడు.