దిక్కు ఎవరిది?

పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి సదిశ. తెలంగాణ ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థులు చేసే త్రిపరిమాణ సదిశల లెక్కల్లో ఒక పాత తాత్త్విక ప్రశ్న దాగి ఉంది: దిక్కు వస్తువులో ఉందా, చూసేవాడిలో ఉందా?

యాదగిరిగుట్ట మీదే లెక్క వేయవచ్చు (అంకెలు ఊహకు మాత్రమే). గుట్ట కింద ఒక బిందువు (2, 3, 1), పైన లక్ష్మీనరసింహస్వామి సన్నిధి (14, 7, 4) అనుకుంటే, కిందినుంచి పైకి గీసిన సదిశ (12, 4, 3). వర్గాల మొత్తం 144 + 16 + 9 = 169, పొడవు 13. మూలబిందువును గుట్ట కిందికి జరిపితే స్థాన సదిశలు రెండూ మారతాయి, వాటి భేదం మారదు. అక్షాలను తిప్పితే ఆ మూడు అంకెలూ మారవచ్చు, 13 మాత్రం కదలదు. అభ్యాసంలో తడబాటు తీసివేతలో రావచ్చు. వరుస తారుమారైతే ఎక్కాల్సిన భక్తుడు దిగివస్తాడు.

ఆ పాత ప్రశ్నకు వస్తే, వైశేషిక దర్శనం వారు దిక్కును తొమ్మిది ద్రవ్యాల్లో ఒకటిగా లెక్కించారు. అది ఒక్కటే, నిత్యం, సర్వవ్యాప్తం. తూర్పు పడమరలు సూర్యుడి సంబంధం అనే ఉపాధి (బయటి నిమిత్తం) వల్ల ఏర్పడిన భేదాలు. అక్షాలు మనం పెట్టుకున్నవే అనే గణితానికి ఇది దగ్గరి మాటే గానీ, గణితానికి దిక్కు ద్రవ్యం కానక్కరలేదు.

తెలుగులో దిక్కంటే ఆశ్రయం కూడా. ఆ ఆశ్రయం కోరి గుట్ట చుట్టూ గిరిప్రదక్షిణ చేసినవాడు బయల్దేరిన చోటికే చేరతాడు. అతడి స్థానభ్రంశం శూన్య సదిశ, దానికి నిర్దిష్టమైన దిశ లేదు. నడిచిన దూరం సున్నా కాదని కాళ్లకు తెలుసు. ఆ దూరం కావాలంటే అడుగుల పొడవులను విడిగా కూడాలి.