మారుమనస్సు

క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ‘మెటానోయా’ అనే మాట ఉన్నది. బుద్ధి మారుట అని దాని వ్యుత్పత్తి. బాప్తిస్మమిచ్చు యోహాను ప్రకటనలోను, యేసు తొలి బోధలోను వినిపించే పిలుపు ఇదే. లాటిను సువార్తలలో ఇది ‘పేనిటెన్షియా’ చేయుడని మారినది. ఆ మాటకు పరితాపమనే అర్థము లేకపోలేదు. కాని మధ్యయుగములలో అది పాపమును గురువు ఎదుట ఒప్పుకొని, ఆయన విధించిన దానిని నెరవేర్చే కర్మకు పేరయినది. 1516లో గ్రీకు మూలమును అచ్చువేసిన ఎరాస్మస్ ఈ అనువాదమును శంకించినాడు. మరుసటి సంవత్సరము లూథర్ తన తొంబదియైదు వాదములలో మొదటిదానిని ఈ పిలుపు మీదనే నిలిపినాడు: విశ్వాసి బ్రతుకంతా పరితాపమే కావలెనట. ఒక్క క్రియాపదము ఇంత కలవరమును రేపుట అరుదు.

మన అనువాదకులు కర్మను విడిచి మనస్సును పట్టుకొన్నారు. హిందీలో ‘మన్ ఫిరానా’ అన్నారు, మనస్సును త్రిప్పుకొనుట. హీబ్రూ ప్రవక్తలు వాడిన ‘షూబ్’ ధాతువునకు, అనగా మరలి వచ్చుటకు, ఇది గ్రీకు కంటె దగ్గరగా ఉన్నది. అయితే హిందీవారి నిత్యవ్యవహారములో ‘మన్ ఫిర్ జానా’ అంటే విసుగు పుట్టుట కూడ! తెలుగులో ‘మారుమనస్సు’ అన్నారు. చక్కని మాట, కాని ‘మారువేషము’లో ఉన్నదీ ఈ ‘మారు’యే. మనస్సు నిజముగా మారినదో, వేషము మాత్రమే మార్చినదో చూచేవారికి ఎట్లు తెలియును?

దుఃఖము గుర్తు కాజాలదు. యేసును అప్పగించిన యూదా తాను పుచ్చుకొన్న ముప్పది వెండినాణెములను తిరిగి ఇచ్చివేసి, ఉరి వేసుకొన్నాడు. అక్కడ మత్తయి వ్రాసినది మెటానోయా కాదు, వేరొక క్రియ. 1611 నాటి ఆంగ్లానువాదము రెండుచోట్లను ఒకే మాట వాడగా, తెలుగువారు ఇక్కడ ‘పశ్చాత్తాపము’ అని భేదమును కాపాడినారు. పశ్చాత్తాపమనగా తరువాత కలిగే తాపము. దాని చూపు వెనుకకే. యూదాకు ముందు దారి కనబడలేదు.

అట్లని మారిన మనస్సునకు అప్పు తీరినట్లేనా? దోచుకొన్నవాడు మారినంతనే దోపిడికి గురియైనవానికి చేరేదేమి? ఈ ప్రశ్నను లూకా యెరికో పట్టణపు సుంకపు గుత్తదారు జక్కయ్య కథలో తాకినాడు. జక్కయ్య ఏడ్వలేదు. ఆస్తిలో సగము బీదలకు ఇచ్చెదననీ, అన్యాయముగా తీసికొన్నదేదైన ఉంటే నాలుగింతలు తిరిగి చెల్లించెదననీ లెక్క చెప్పినాడు. ఆ కథలో మెటానోయా అనే మాట ఒక్కసారి కూడ రాదు.