కడిగేవారూ కడిగించుకునేవారూ

నిరుడు మా కాలేజీలో జరిగిన ఒక సభలో, సూక్ష్మజీవశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఫ్యాక్టరీల కాలుష్యం గురించి ఇంత గగ్గోలు పెట్టనవసరం లేదనీ, విషాలను తినే సూక్ష్మజీవులున్నాయనీ, కొంత ఓపిక పడితే నేలనూ నీటినీ అవే బాగుచేస్తాయనీ ఉపన్యసించాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికి పోతూంటే, ఇంతకీ నేను చప్పట్లు కొట్టింది ఆ సూక్ష్మజీవి గొప్పతనానికా, లేక నా నెత్తిమీంచి ఏదో బరువు దిగిపోయినందుకా అని సందేహం కలిగింది. ఆ సందేహమే ఈ వ్యాసానికి కారణం.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి. సైన్సు పేరు చెబితే ముఖం చిట్లించి, ప్రకృతి ఒడిలోకి పోదాం రమ్మనే సాహితీపరులు మనలో ఉన్నారు. నాకు వాళ్ళతో పొత్తు లేదు. సూక్ష్మజీవి చేసే పని నిజంగా అద్భుతమైనదే. ముడిచమురు మనకు విషం, కొన్ని సూక్ష్మజీవులకు అన్నం. అవి తమలోని ఎంజైముల సాయంతో చమురు అణువుకు ఆమ్లజనిని తగిలించి, దాన్ని ముక్కముక్కలుగా విరగ్గొట్టి, చివరికి బొగ్గుపులుసు వాయువుగానూ నీరుగానూ మార్చేస్తాయి. 1989 మార్చి 24న అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ రాతిదిబ్బకు కొట్టుకుని సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రం పాలైంది. చమురు తినే జీవులు ఆ తీరంలో ముందునుంచీ ఉన్నాయి. తిండి కావలసినంత ఉన్నా, పెరగడానికి నత్రజనీ భాస్వరమూ చాలక అవి మందకొడిగా ఉన్నాయి. మన రైతు పైరుకు చల్లినట్టే ఆ గులకరాళ్ళ తీరం మీద ఎరువు చల్లారు. పని జోరందుకుంది. అయితే గాలి చొరని రాళ్ళ అడుగున దాగిన చమురు దశాబ్దాల తర్వాత తవ్వినా కనిపించింది. సీసం, క్రోమియం వంటి లోహాల సంగతి వేరు. మూలకాన్ని ఏ జీవీ విరగ్గొట్టలేదు. మహా అయితే దాని రూపం మార్చి, నీటిలో తేలిగ్గా కరగకుండా చెయ్యగలదు.

ఈ రంగంలో పేరుమోసినవాడు మన దేశంలో పుట్టినవాడే. బెంగాల్లోని బీర్భూం జిల్లాకు చెందిన ఆనందమోహన్ చక్రబర్తి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ, చమురులోని వేరువేరు పదార్థాలను తినగల వేరువేరు సూక్ష్మజీవుల శక్తులన్నిటినీ ఒకే జీవిలో చేర్చాడు. అందుకు ఆయన వాడుకున్నవి ప్లాస్మిడ్లు. ఇవి ఒక సూక్ష్మజీవి నుంచి మరొకదానికి దాటిపోగల జన్యువుల ఉంగరాలు. ఈ ఉంగరాలను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ వాటితో పని పడుతుంది. 1972లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ప్రాణమున్నదానికి పేటెంటేమిటని తగాదా నడిచింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు ఔననీ, నలుగురు కాదనీ అనగా పేటెంటు దక్కింది. తమాషా ఏమంటే, ఆ జీవిని ఏ సముద్రంలోనూ వదిలి చమురు తినిపించలేదు. హక్కు ఎవరిదో ఎనిమిదేళ్ళలో తేలింది.

బాధ్యత ఎవరిదో తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో చూడాలంటే రాజస్థాన్ వెళ్ళాలి. ఉదయపూర్ దగ్గర బిఛ్ఛిడీ అనే గ్రామంలో రంగుల తయారీకి పనికొచ్చే హెచ్-ఆమ్లాన్ని చేసి, మడ్డిని బయట పోశారు. బావుల్లో నీళ్ళు రంగు మారి, మనిషికీ పశువుకీ పైరుకీ పనికిరాకుండా పోయాయి. కాలుష్యం చేసినవాడే బాగుచేసే ఖర్చూ నష్టమూ భరించాలని 1996లో మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఖర్చు 37 కోట్ల 38 లక్షల పైచిలుకని తేల్చారు. 2011లో అదే కోర్టు, ఆ డబ్బు ఇంకా కట్టలేదు గనక వడ్డీతో కట్టమని మళ్ళీ ఆజ్ఞాపించవలసి వచ్చింది.

విషాన్ని ఏ జీవి తింటుందన్నది సైన్సు అడగవలసిన ప్రశ్న. తినిపించవలసినవాడెవడన్నది నీతి ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండోది దానంతటదే తీరిపోయినట్టు మాట్లాడటంలో ఉంది మోసం. మా మిత్రుడు కావాలని మోసం చేశాడనను. ఆయనా నాలాగే తేలికపడ్డాడు.

ఇలా తేలికపడటం మన సమాజానికి కొత్త కాదు. వేల ఏళ్ళుగా మన ఊళ్ళో మైల చేసేవాడొకడు, ఎత్తేవాడు మరొకడు. విడ్డూరం ఏమంటే, ఎత్తేవాడు మైలవాడైనాడు, చేసినవాడు శుచిగా ఉండిపోయాడు. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. రెండోది ఎందుకవసరమైందో ఆలోచిస్తే మొదటిది ఎంత చక్కగా అమలైందో తెలుస్తుంది. ఇప్పుడు ఫ్యాక్టరీ యజమానికి మరింత మంచి పనివాడు దొరికాడు. సూక్ష్మజీవి కూలి అడగదు, సంఘం పెట్టదు, సమ్మె చెయ్యదు.

ఈ పోలిక చెబితే మిత్రుడు కోప్పడ్డాడు. "బాక్టీరియాను మనుషులతో పోల్చడం ఆ మనుషులకే అవమానం" అన్నాడు. ఆయన ఆక్షేపణ న్యాయమైనదే. సూక్ష్మజీవికి బాధ లేదు, అవమానం లేదు. మలం ఎత్తే మనిషి స్థానంలో యంత్రమో జీవో వస్తే నాకంటే సంతోషించేవాడుండడు. నేనడుగుతున్నది కడిగేదాని సంగతి కాదు, కడిగించుకునేవాడి సంగతి. ఎలాగూ కడిగిపెట్టేది ఒకటుందని తెలిసినవాడు, మురికి తగ్గించడానికి డబ్బెందుకు ఖర్చుపెడతాడు?

పైగా సూక్ష్మజీవి చెప్పినంతమట్టుకే చేసి ఊరుకునే నౌకరు కూడా కాదు. ఇందుకు రుజువు మా జిల్లాలోనే ఉంది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే సామూహిక కేంద్రం ఉంది. అందులో మురుగును విరిచే పని చాలావరకు సూక్ష్మజీవులదే. అక్కడికి అప్పట్లో సుమారు 90 ఫ్యాక్టరీల మురుగు వచ్చేది. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, శుద్ధి అయి బయటికొచ్చిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. రోజుకు పోతున్నది సుమారు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులకు వాడేటంత. ఇది సూక్ష్మజీవులను చంపడానికి చేసిన మందు. దాన్ని సూక్ష్మజీవుల మధ్యే పోస్తే ఏమవుతుంది? చచ్చేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి, మిగిలినవి పెరుగుతాయి. 2011లో వచ్చిన మరో పరిశోధన, దిగువన నది మట్టిలో మందులకు లొంగనివ్వని జన్యువులు విస్తారంగా ఉన్నాయని చూపింది. వాటిని ఒక జీవి నుంచి మరొక జీవికి మోసేవి? చక్రబర్తి వాడుకున్న ఆ ఉంగరాల వంటివే. చమురు తినడం నేర్పగల సాధనమే మందుకు లొంగకపోవడమూ నేర్పుతుంది. పాఠం ఏమిటన్నది, మనం అక్కడ ఏం పోస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

మా క్లాసులో నక్కవాగు ఒడ్డు గ్రామం కుర్రాడొకడున్నాడు. వాళ్ళ నాన్న, వాగునీళ్ళు పారి పాడైన రెండెకరాల పొలానికి నష్టపరిహారం కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్నాడు. ఆ సభలో కుర్రాడూ ఉన్నాడు, చప్పట్లు కొట్టాడో లేదో నేను చూడలేదు. మర్నాడు స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు:

"సార్, ఆ సారు చెప్పిన పురుగులొచ్చి మా పొలం బాగుచేసినయనుకోండ్రి. మరి మా నాయిన కేసు ఉంటదా, కొట్టుకపోతదా?"

నా దగ్గర జవాబు లేదు. కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మిత్రుడి దగ్గరికే పోయి, అదే మాట మళ్ళీ అడిగించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బీరువాలోంచి మూడు ఖాళీ సీసాలు తీసి కుర్రాడి చేతికిచ్చాడు. పొలంలో మూడుచోట్ల జానెడు లోతున తవ్వి మట్టి తెమ్మన్నాడు. అందులో ఇప్పుడేముందో పరీక్ష చేయించి, తేదీ వేసి, కాగితం రాసి ఇప్పిస్తానన్నాడు. అది చేతికి వచ్చేదాకా ఆ నేలలో ఎవరినీ ఏమీ చల్లనివ్వొద్దని మీ నాన్నకు చెప్పమన్నాడు.