మూడు పేర్ల బాగ్దాదీ

ఇరాకీ రచయిత అలీ బదర్ 2008లో అరబ్బీలో రాసిన ‘హారిస్ అల్ తబ్గ్’ (పొగాకు కాపలాదారు) నవల 2011లో దోహా నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అమీరా నువైరా అనువాదాన్ని ఖతర్ ఫౌండేషన్, బ్లూమ్స్‌బరీ కలిసి నడిపిన ప్రచురణ సంస్థ వెలువరించింది. ఆ సంస్థ 2015తో ముగిసి, దాని పని హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగానికి చేరింది. నవల బాగ్దాద్ యూదుల గురించినది. ఆధునిక ఖతర్ చరిత్రలో అలాంటి యూదుల వాడలు లేవు. అయితే 12వ శతాబ్దపు యాత్రికుడు బెంజమిన్ ఆఫ్ టుడేలా, ఈ గల్ఫ్ తీరంలోనే ముత్యాలకు పేరుపడ్డ ఖతీఫ్‌లో 5,000 మంది యూదులున్నారని రాశాడు. అంకె పెద్దదే కావచ్చు, ఆ తీరానికి యూదులు కొత్తవారు కారన్నది మాత్రం గమనించదగ్గది.

బాగ్దాద్ సంగతి వేరు. బాబిలోన్ చెర నాటి నుంచి లెక్కిస్తే అక్కడి యూదుల చరిత్ర రెండున్నర వేల ఏళ్లది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో నగర జనాభాలో నాలుగో వంతుకు తక్కువ కాకుండా వాళ్లే. ముంబయిలో గోదాములు, గ్రంథాలయం, రేవు కట్టించిన ససూన్ కుటుంబం అక్కడి నుంచి వచ్చినదే. 1921లో ఇరాక్ ఆర్థికమంత్రి సాసూన్ ఎస్కెల్ యూదుడు. 1932 కైరో అరబ్ సంగీత మహాసభలో ఇరాక్ తరఫున పాడింది ముస్లిం గాయకుడు ముహమ్మద్ అల్ ఖుబ్బాంజీ, ఆయన వెనుక వాయించినవారు దాదాపు అందరూ యూదులే. కువైట్‌లో పుట్టిన సాలిహ్, దావూద్ అల్ కువైతీ సోదరుల బాణీలు బాగ్దాద్ రేడియోను నింపాయి. వాళ్లు వలసపోయాక పాటలు మిగిలాయి, వాటి మీద పేర్లు చెరిగిపోయాయి. ఒక సమాజాన్ని మరచిపోవడం ఎలా జరుగుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

1941 జూన్ 1, 2 తేదీల్లో జరిగిన ‘ఫర్హూద్’ దాడుల్లో వందమందికి పైగా యూదులు చనిపోయారు. 1948 పాలస్తీనా యుద్ధం తర్వాత అనుమానం, అరెస్టులు పెరిగాయి. 1950 మార్చిలో వచ్చిన చట్టం, పౌరసత్వం వదులుకుంటే దేశం విడిచిపోవచ్చంది. ఏడాది తిరగకముందే సుమారు లక్షమంది పేర్లు నమోదు చేసుకున్నారు. 1951 మార్చిలో వాళ్ల ఆస్తులను స్తంభింపజేశారు. మొత్తం లక్షా ఇరవై వేల మంది విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు.

బదర్ నవలలోని వయొలిన్ విద్వాంసుడు యూసుఫ్ సామీ సాలిహ్ వాళ్లలో ఒకడు. ఇజ్రాయెల్‌లో ఇమడలేక, హైదర్ సల్మాన్ అనే షియా పేరుతో ఇరాన్ మీదుగా బాగ్దాద్ చేరతాడు. 1980లో మళ్లీ వెళ్లగొడతారు. ఈసారి కమాల్ మిద్హత్ అనే సున్నీ పేరుతో తిరిగివచ్చి, 2006లో హత్యకు గురవుతాడు. ఒకే మనిషి మూడు మతవర్గాల పేర్లతో బతకడం వాస్తవంలో నమ్మశక్యం కాదు. కానీ చరిత్ర దృష్ట్యా నవలకు ప్రాణం ఆ కల్పనే. 1980 మే నెలలో సద్దాం ప్రభుత్వం 666వ నిర్ణయంతో ఇరానీ మూలాలున్నాయన్న ఇరాకీల పౌరసత్వం రద్దు చేసింది. యూదుల విషయంలో అంతకు ముప్పై ఏళ్ల ముందు అలవాటైన పద్ధతే అది: పుట్టుకను చూసి పౌరసత్వం లేకుండా చేయడం. మొదటిసారి ఊరుకున్న పొరుగువాళ్లలో కొందరి గడపకే రెండోసారి అది వచ్చింది. యూదులు ‘వెళ్లిపోయారు’ అని ఒక్క ముక్కలో ముగించే చరిత్రలు ఈ కొనసాగింపును దాటవేస్తాయి. బదర్ దాటవేయలేదు.

అయినా ఈ పుస్తకం యూదేతరుడు రాసినదే. దాని పక్కన యూదు రచయిత సమీర్ నఖాష్ (1938–2004) రచనలను పెట్టి చదవాలి. 1951లో పదమూడో ఏట బాగ్దాద్ విడిచిన ఆయన, ఇజ్రాయెల్‌లో ఉంటూనే చివరిదాకా హీబ్రూకు మారకుండా అరబ్బీలోనే రాశాడు. పాత్రల చేత బాగ్దాదీ యూదుల మాండలికం పలికించి, అర్థం కాని పాఠకుల కోసం అడుగున వివరణలు చేర్చాడు. ఇజ్రాయెల్‌లో అరబ్బీ చదివే యూదులు తగ్గిపోయారు, అరబ్ దేశాల్లో ఇజ్రాయెలీ రచయిత పుస్తకాలకు దారి దొరకలేదు. మంచి రచయితకు పాఠకులు లేకుండా పోవడం ఆ వలస మిగిల్చిన నష్టాల్లో బాధాకరమైనది.