అన్నం పొట్లంతో బాధ్యత తీరుతుందా?

రమజాన్ నెల వస్తే చాలు, మస్జిదుల ముందు, దర్గాల దగ్గర, పెద్దాసుపత్రుల గోడల వెంట అన్నం పొట్లాలు పంచే చేతులకు కొదువ ఉండదు. ఇది ఎంతో పుణ్యకార్యం. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టమని దివ్యఖుర్ఆన్ పదే పదే ప్రోత్సహించింది. అయితే ఒక్క విషయం ఆలోచించండి. ఈ ఏడాది మన చేతి పొట్లం అందుకున్న మనిషే వచ్చే ఏడాది కూడా అదే ఫుట్‌పాత్ మీద మన కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే, అతని పట్ల మన బాధ్యత తీరినట్లేనా?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షలకు పైగా ఉన్నారు. వీరిలో చాలామంది పని చేయగలిగినవారే. పొద్దున్నే అడ్డా మీద నిలబడి కూలి కోసం ఎదురుచూసేవారే. కానీ చిరునామా లేనివాడికి రేషన్ కార్డు దొరకడం కష్టం. రాత్రి పనిముట్లు దాచుకునే చోటు ఉండదు. స్నానం చేసి శుభ్రంగా పనికి వెళ్లే వీలుండదు. ఇల్లు లేదని పని ఇవ్వరు, పని లేదని ఇల్లు అద్దెకివ్వరు. ఈ రెండు తలుపులూ మూసుకుపోయిన మనిషికి పూట భోజనం ఒక్కటే సరిపోదు.

మట్టిలో పడి ఉన్న మిస్కీన్

‘బలద్’ సూరా (90:11-16) ఒక కష్టమైన కనుమ దారిని ప్రస్తావిస్తుంది. బానిసను విడిపించడం, కరువు రోజున బంధువైన అనాథకు, మట్టిలో పడి ఉన్న నిరుపేదకు అన్నం పెట్టడమే ఆ కనుమను ఎక్కడమని తెలుపుతుంది. ఈ ‘మట్టిలో పడి ఉన్న నిరుపేద’ ఎవరు? ఇల్లు లేక దారి మీద పడి ఉన్నవాడు, తనకూ మట్టికీ మధ్య ఏ అడ్డూ లేనివాడు అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించినట్లు తఫ్సీర్ గ్రంథాలు తెలుపుతున్నాయి.

అరబీ భాషలో ‘మిస్కీన్’, ‘సుకూన్’, ‘మస్కన్’ అనే మూడు పదాలూ ఒకే ధాతువు నుండి పుట్టాయి. సుకూన్ అంటే ప్రశాంతత, నిలకడ. మస్కన్ అంటే నివాసం. పేదరికం కదలనివ్వకుండా కూర్చోబెట్టినవాడే మిస్కీన్ అని భాషావేత్తలు చెప్పారు. ఇళ్లను ప్రశాంత నిలయాలుగా చేయడం తన అనుగ్రహమని అల్లాహ్ ‘నహ్ల్’ సూరా (16:80)లో గుర్తు చేశాడు. పరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా వెళ్లరాదని ‘నూర్’ సూరా (24:27) ఆదేశించింది. తలుపే లేనివాడికి ఈ మర్యాద ఎలా దక్కుతుంది? ఫుట్‌పాత్ మీద నిద్రించే ఆడబిడ్డకు పరదా ఎక్కడిది? కాబట్టి గూడు కల్పించడమంటే మనిషి గౌరవాన్ని కాపాడటమే.

మదీనా చూపిన మార్గం

మక్కా నుండి ఇల్లూ ఆస్తీ వదులుకుని వచ్చిన ముహాజిర్లకు మదీనా అన్సార్లు తమ ఇళ్లలో చోటిచ్చారు. హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానంటే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను దీవించి, బజారుకు దారి మాత్రం చూపమన్నారు. జున్ను, నెయ్యి వ్యాపారంతో తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. ఏ ఆసరా లేనివారికి మస్జిదె నబవీలోనే ‘సుఫ్ఫా’ అనే నీడ ఏర్పడింది.

అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంఘటన ఒకటుంది. ఒక అన్సారీ యాచనకు వచ్చారు. ఇంట్లో ఏముందని దైవప్రవక్త (స) అడిగారు. ఒక ముతక దుప్పటి, నీళ్లు తాగే గిన్నె ఉన్నాయన్నారు. ప్రవక్త (స) వాటిని సహచరుల ముందు వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, మరో దిర్హముతో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల వరకు కనిపించవద్దని పంపారు. ఆయన పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చారు.

గమనించండి. ముందు ఇంటివారి ఆకలి తీరింది. వెంటనే పనిముట్టు చేతికొచ్చింది. గడువు పెట్టి మళ్లీ యోగక్షేమాలు విచారించడం జరిగింది. మనం మొదటి దిర్హము దగ్గరే ఆగిపోతున్నాం. రెండో దిర్హము, పిడి బిగించే చేతులు, ఆ పదిహేను రోజుల శ్రద్ధ కరువయ్యాయి.

అయితే ఈ హదీసును చూపి వృద్ధులను, రోగులను, మతిస్థిమితం లేనివారిని పని చేసుకోమని గద్దించడం అన్యాయం. పని చేయలేనివారికి అన్నమూ, నీడా వారి హక్కుగానే అందాలి.

మనం చేయగలిగింది

ఇచ్చేటప్పుడు అవసరం తీరేంతగా ఇవ్వమని హజ్రత్ ఉమర్ (రజి) బోధించినట్లు పెద్దలు ఉల్లేఖించారు. చేతివృత్తి తెలిసినవాడికి జకాత్ నుండి పనిముట్లు కొనుక్కునేంత ఇవ్వాలని ఇమామ్ నవవీ (రహ్మలై) రాశారు. తోపుడు బండి, కుట్టు మిషన్, తాపీ పనిముట్లు ఈ కోవలోకే వస్తాయి. హనఫీ ఫిఖహ్‌లో అప్పులు గానీ, పోషించాల్సిన కుటుంబం గానీ లేని ఒక్కడికే నిసాబ్ మొత్తం ఒకేసారి ఇవ్వడం మక్రూహ్. అప్పులున్నవారికి, పిల్లలున్నవారికి వెసులుబాటు ఉంది.

జకాత్ సొమ్ము పేదవాడి సొంతం కావాలి. అద్దె అడ్వాన్సు కోసం అర్హుడి చేతికి జకాత్ ఇవ్వవచ్చు. కానీ ఆ సొమ్ముతో వసతి గృహం కట్టి మన అధీనంలో ఉంచుకుంటే హనఫీ పండితుల దృష్టిలో జకాత్ నెరవేరదు. పాత అద్దె బాకీని మాఫీ చేసి జకాత్‌లో జమ కట్టుకోవడమూ చెల్లదు. వసతి గృహాలకు, తక్కువ అద్దె గదులకు సదఖా, వక్ఫ్ ఉన్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమిని అమ్మకుండా, దాని ఫలసాయం పేదలకు, బాటసారులకు చెందేలా వక్ఫ్ చేశారు. సదఖా విషయంలో మతభేదం పాటించనవసరం లేదు. పొరుగున వణికే హిందూ సోదరుడికీ అందులో వాటా ఉంది.

డబ్బు లేనివారూ చేయగలిగేది ఉంది. మనలో హోటళ్లు, మెకానిక్ షెడ్లు, టైలరింగ్ దుకాణాలు నడిపేవారెందరో! ఒక్కరికి పని ఇచ్చి చెమట ఆరకముందే కూలి చెల్లించండి. చిరునామా లేనివాడి తరఫున ఇంటి యజమానితో ఒక మాట మాట్లాడండి. మహల్లా మస్జిద్ కమిటీ ఏడాదికి ఒక్క కుటుంబాన్ని ఎంచుకుని, వారికి పని, గది చూపి, ఆ తర్వాత కూడా కనిపెట్టుకుని ఉన్నా చాలు. వచ్చే రమజాన్‌లో ఆ వరుసలో ఒక కుటుంబం తగ్గుతుంది.

మట్టిలో పడి ఉన్నవారిని లేపి నిలబెట్టే భాగ్యాన్ని, ఆ కష్టమైన కనుమను ఎక్కే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.