మేనత్త నంబరు

ఆండ్రాయిడ్ ఆప్‌లు రాసేవాళ్ళకి బాగా తెలిసిన ఫైలు మానిఫెస్ట్. ఫోన్లో ఏమేం ముట్టుకుంటామో అందులో ముందే రాయాలి. కాంటాక్ట్స్ చదవడానికి ఒక్క లైను చాలు. 2015లో ఆండ్రాయిడ్ 6.0 వచ్చేదాకా అనుమతులన్నీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మూకుమ్మడిగా అడిగేవారు. ఒప్పుకుంటే ఆప్ ఉంటుంది, లేకపోతే లేదు. ఆ తర్వాత ముఖ్యమైనవాటిని అవసరమైనప్పుడు విడివిడిగా అడగడం, వద్దంటే ఊరుకోవడం మొదలైంది.

మంచి మార్పే. కానీ ఒక ప్రశ్న అలాగే మిగిలిపోయింది. నా కెమెరాకి, నేనెక్కడున్నానన్న సంగతికి సరేననే హక్కు నాకుంది. కాంటాక్ట్స్ సంగతి వేరు. అందులో మా మేనత్త నంబరుంది, పాలతనిది ఉంది, ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకరుదీ ఉంది. నన్ను నమ్మి ఇచ్చిన నంబర్లవి. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ ఇచ్చిన తాళంచెవిని నేను ఇంకొకరి చేతిలో పెట్టొచ్చా?

2020 చివర్లో తెలంగాణలో దీని పర్యవసానం చూశాం. ఇన్‌స్టంట్ లోన్ ఆప్‌లవాళ్ళు, బాకీ కట్టలేనివాళ్ళ కాంటాక్ట్స్‌లోని బంధువులకీ స్నేహితులకీ ఫోన్లు చేసి, మెసేజీలు పెట్టి పరువు తీశారు. తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కేసులు పెట్టి, అరెస్టులు చేశారు. 2022లో రిజర్వ్ బ్యాంక్, అప్పులిచ్చే ఆప్‌లు కాంటాక్ట్స్ జోలికి పోకూడదంది. మరుసటి ఏడు గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని పర్సనల్ లోన్ ఆప్‌లకి అదే నియమం పెట్టింది.

"అడిగాం, ఇచ్చారు" అనే వాదన ఎంత డొల్లదో ఇక్కడ తెలుస్తుంది. తెల్లారేసరికి ఐదు వేలు కావల్సిన మనిషికి, వద్దనే బటన్ ఉన్నా లేనట్టే. ఇక మేనత్తనైతే ఎవరూ అడగనే లేదు.

ఆండ్రాయిడ్ సోర్సు ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. స్టోరుతో పన్లేకుండా ఏపీకే ఫైలుగా ఆప్‌ని పంచొచ్చు. నాకీ ప్లాట్‌ఫామ్ నచ్చేది ఆ స్వేచ్ఛవల్లే. ఆ స్వేచ్ఛ కావాలనుకున్నాక, కాపలా పని మొత్తం స్టోరుకో రిజర్వ్ బ్యాంకుకో వదిలేయలేం. అక్కడ తలుపు మూస్తే, ఏపీకే దొడ్డిదారిన వస్తుంది.

మరి ఆప్‌కి నిజంగానే ఒక నంబరు కావాలంటే? కాంటాక్ట్ పికర్ ఉంది. జాబితా సిస్టమే చూపిస్తుంది, యూజర్ ఒకరిని ఎంచుకుంటే ఆ ఒక్కరి వివరాలే ఆప్‌కి అందుతాయి. కాంటాక్ట్స్ అనుమతే అక్కర్లేదు. అయినా "ముందుముందు పనికొస్తుంది, అన్నీ తీసుకుందాం" అనేవాళ్ళు ప్రతి టీములోనూ ఒకరుంటారు. యూజర్ ఇవ్వడానికి హక్కులేనిదాన్ని అసలు అడగకూడదని అప్పుడు డెవలపరే చెప్పాలి. ఆ మీటింగులో మేనత్త తరఫున మాట్లాడ్డానికి ఇంకెవరూ ఉండరు.